ఊడని పళ్ళు

పళ్ళ డాక్టరుగా ఎన్ని నోళ్ళు చూశానో లెక్కలేదు గానీ, ఆ నోరు చూసినంత చిరాకు నాకు మరే నోరు చూసినా కలగలేదు. తొంభైల చివర్లో దోహాలో, అల్ హిలాల్‌లోని ఒక ప్రైవేటు క్లినిక్‌లో పనిచేసేదాన్ని. ఒక సాయంత్రం డ్యూటీలో కెనడా మనిషొకడు తలుపు పట్టనంత భుజాలేసుకుని వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. పై వరసలో ముందు పళ్ళు నాలుగూ లేవు. ముక్కు వంకర. యాక్సిడెంటా అని అడిగితే, "కాదు, ఉద్యోగం" అన్నాడు గర్వంగా.

ఆ ఉద్యోగం మంచు మీద ఆడే హాకీ. పోనీ ఆడేవాడా అంటే అదీ కాదు. ఆడేవాళ్ళు వేరే ఉంటారట. వాళ్ళ మీద అవతలి జట్టువాడు చెయ్యి చేసుకుంటే, ఇతను వెళ్ళి చేతి తొడుగులు పారేసి వాడి మొహం పగలగొట్టాలి. ఒకడు కింద పడేదాకా రిఫరీలు చూస్తూ నిలబడతారు. తర్వాత ఇద్దరినీ కాసేపు పక్కన కూర్చోబెట్టి మళ్ళీ ఆటలోకి వదులుతారు. పన్నెండేళ్ళు ఇదే పని! మా గుంటూరులో సినిమా హాలు ముందు ఈ పని చేస్తే పోలీసులు రౌడీ అని లాక్కెళ్ళి నాలుగు తగిలిస్తారు. వాళ్ళ దేశంలో జీతమిచ్చి, బొమ్మ అచ్చేసి పిల్లలకి అమ్మారు. ఆ బొమ్మ కార్డు పర్సులోంచి తీసి చూపించాడు. అందులో నోరు గట్టిగా మూసుకుని ఉన్నాడు.

ఆటకి ముందు పళ్ళ సెట్టు తీసి, ఎవరి నంబరు రాసిన గ్లాసులో వాళ్ళు పెట్టుకోవడం మామూలేనట. గదిలో బల్ల మీద వరసగా గ్లాసులు, గ్లాసుల్లో పళ్ళు. ఇది చెప్పి పగలబడి నవ్వాడు.

నవ్వడం అయ్యాక అసలు సంగతికొచ్చాడు. ఊరి చివర ఆటల పార్కులో కొత్తగా మంచు మైదానం, అదే ఐస్ రింకు, కట్టి దానికి అతన్ని కోచ్‌గా రప్పించారు. పిల్లలకి స్కేటింగ్ నేర్పాలి. "ఇక కొట్లాటలు లేవు డాక్టర్. తీసి పెట్టుకునే పళ్ళు నాకొద్దు. ఊడనివి కావాలి. చచ్చేదాకా నోట్లోనే ఉండాలి" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు మాత్రం గొంతులో గర్వం లేదు, బతిమాలుతున్నట్టే ఉంది.

పక్కనున్న రెండు పళ్ళూ అరగదీసి, వాటి ఆధారంతో నాలుగు కట్టుడు పళ్ళ బ్రిడ్జి అంటించాను. మూతి మీద ఒక్క దెబ్బ తగిలినా బ్రిడ్జితో పాటు ఆ రెండూ పోతాయని గట్టిగా చెప్పాను. బుద్ధిగా తలూపాడు. మర్నాడు యాపిల్ తెచ్చి నా ముందే కొరికి చూపించాడు. శుద్ధ మొద్దు అనుకున్నాను.

తర్వాత కొన్నాళ్ళకి మా ఆయన ఆఫీసు నుంచి పాసులు తెచ్చాడు. "ఏమోయ్, శుక్రవారం రింకు ఓపెనింగ్. మన అల్ ముంతజా కాలనీలో మనవాళ్ళంతా వెళ్తున్నారు, మనం వెళ్ళకపోతే బాగోదు" అన్నాడు. ఊరికే వస్తుందంటే మనవాళ్ళు దేనికైనా బయల్దేరతారు. అందరూ పెద్ద చదువులు చదివినవాళ్ళే. దోహాలో మంకీ క్యాపులు ఎక్కడ దొరికాయో గానీ పిల్లాజెల్లా అంతా తగిలించుకుని, పులిహోర డబ్బాలతో సహా దిగారు.

మంచు మీద రెండు జట్లు హాకీ ఆడుతున్నాయి, ఒకదాంట్లో మా కోచ్ కూడా ఉన్నాడు. ఆట ఎవరికీ అర్థం కాలేదు. ఆవలిస్తున్నారు. ముందు వరసలో సోఫాల్లో అతిథులుగా కూర్చున్న పెద్దమనుషులు కూడా వాచీలు చూసుకుంటున్నారు. అప్పుడు రింకు మేనేజరు గట్టు మీద నుంచి మా కోచ్‌కేసి రెండు పిడికిళ్ళు చూపించాడు. ఇతను తల అడ్డంగా ఊపాడు. మేనేజరు సోఫాలకేసి చెయ్యి చూపించి, ఊఁ కానివ్వమన్నట్టు "యల్లా, యల్లా" అని అరిచాడు. కోచ్ చేతి తొడుగులు తీసి కింద పడేశాడు.

అవతలి జట్టులోంచి ఎదురుగా వచ్చినవాడు అతని వయసులో సగం ఉంటాడు. వాడి మొదటి గుద్దుకే మా కోచ్ నోట్లోంచి మంచు మీద ఎర్రగా పడింది. మనవాళ్ళకి ఎక్కడలేని హుషారొచ్చింది. మా ఆయన కుర్చీ ఎక్కి "కొట్టు, కొట్టు!" అని కేకలు. పక్కింటావిడ, శ్రావణ శుక్రవారాల నోములు నోచే, చీమకి కూడా అపకారం చెయ్యని మనిషి, నా మోచెయ్యి పట్టుకుని "మళ్ళీ చేస్తారంటారా అండీ?" అని అడిగింది. ఆ రోజు నాకు వాళ్ళందరి మీదా అసహ్యం పుట్టింది. ఇప్పటికీ పోలేదు.

శనివారం పొద్దున్నే కోచ్ క్లినిక్‌కి వచ్చాడు. బ్రిడ్జి టిష్యూ కాగితంలో ఉంది, నేను ఆధారం చేసుకున్న ఆ రెండు పళ్ళతో సహా. ఒళ్ళు మండి కేకలేశాను. ఎందుకు ఒప్పుకున్నావు, నీకు బుద్ధి లేదా అన్నాను. అతిథులకి బాగా నచ్చిందట, ఇక ప్రతి శుక్రవారం ఆ కొట్లాట చెయ్యాలట, కాదంటే వీసా క్యాన్సిల్ చేసి పంపేస్తారట. ఊళ్ళో ఇంకో రింకు లేదు, చేతిలో ఇంకో పని లేదు.

"గాయం ఆరాలి. అప్పుడు మళ్ళీ ఊడనివే కడతాను" అన్నాను.

"వద్దు డాక్టర్. తీసి పెట్టుకునేవే చెయ్యండి, తొందరగా" అన్నాడు అరచేత్తో నోరు మూసుకుని. "రేపట్నుంచి పిల్లల క్లాసులు. ఈ నోరు చూస్తే జడుసుకుంటారు. శుక్రవారం పూట తీసేస్తాను."