బావ తోటలో నేను పుట్టించిన ఏనుగు

ఇన్నేళ్ళుగా ఒక ఏనుగును మోస్తున్నాను. నవ్వకండి. అది ఎవరికీ కనబడదు, ఎందుకంటే అది ఏనాడూ లేదు. మీరు మా ఊరివాళ్ళు కారు, నన్నెరగరు. అందుకే మీకు చెప్పడం తేలిక.

పలమనేరు దాటి లోపలికి పోతే మా అక్కావాళ్ళ మామిడితోట. సగం చదునులో, సగం గుట్టమీద. బావకు చిన్నప్పుడే పోలియో వచ్చి ఎడమకాలు సన్నబడింది. చదునులో కర్రతో తిరుగుతాడు గానీ గుట్ట ఎక్కలేడు. పైచెట్లు ఆయన దగ్గరుండి తెప్పించిన మొక్కలే, కానీ అవి ఎట్లా కాస్తున్నాయో కూలీలు చెబితే వినడమే. అందుకే బెంగుళూరు దారిలో ఒక రిసార్టు మూసేస్తుంటే, జనం సరదాకు మట్టిలో నడిపే నాలుగు చక్రాల బండిని కొని తెచ్చుకున్నాడు. బైకు మాదిరి హ్యాండిలు, ట్రాక్టరు మాదిరి లావు టైర్లు. తెచ్చిన కొత్తలో భోజనానికి కూడా గుట్ట దిగడం లేదని అక్క సణిగేది.

ఒకరోజు బావ మండీ పనిమీద చిత్తూరు వెళ్ళాడు. నేను అడక్కుండా బండి తీశాను. ఎందుకు తీశాను? తియ్యాలనిపించింది, అంతకంటే గొప్ప కారణం లేదు. వంకలోకి దించి, అవతలి గట్టు ఎక్కించబోయి బోల్తా కొట్టించాను. హ్యాండిలు వంగింది, మడ్‌గార్డు పగిలింది, నా మోచెయ్యి దోక్కుపోయింది. బావ బస్సు దిగి వచ్చేసరికి నా నోట్లో కథ తయారుగా ఉంది.

అడవి దగ్గరే. అక్కడి ఏనుగులు అప్పుడప్పుడూ చుట్టుపక్కల రాగిచేలలో పడుతుంటాయి, మా తోటకు మాత్రం ఎప్పుడూ రాలేదు. నేను ఒకదాన్ని రప్పించాను. బండి చప్పుడుకు రేగి గుట్ట మలుపులో నన్ను తరిమిందన్నాను. నేను దూకేస్తే బండిని తొండంతో తిరగేసిందన్నాను. తిట్లు తప్పితే చాలనుకున్నానంతే. కానీ టీ అంగడిలో జనం అడిగి మరీ చెప్పించుకున్నారు. మొదట దానికి దంతాలు లేవు. కొన్నాళ్ళకు వచ్చాయి. ఆ తర్వాత ఒకటి విరిగింది కూడా. అట్లా చెప్పడంలో నాకు ఎంత సుఖముండేదో దాస్తే ఈ రాతకు అర్థం లేదు.

బావ నమ్మాడు. ఆ కాలితో ఆయన ఏనుగు ముందు పరుగెత్తగలడా? బండికి హ్యాండిలు సరిచేయించాడు గానీ, టార్పాలిన్ కప్పి షెడ్డులో పెట్టేశాడు. మళ్ళీ గుట్ట కింద నిలబడి పైకి చూడడం మొదలుపెట్టాడు. అది చూసి కూడా నేను నోరు విప్పలేదు. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూనే, ఎవరైనా అడిగితే విరిగిన దంతం గురించి చెబుతూ ఏళ్ళు గడిపాను. మనిషన్నవాడు అట్లా ఉండగలడా? ఉండగలడు. నేనున్నాను.

ఈ ఏడు పైచెట్లు విరగకాశాయని కూలీలు చెబుతుంటే బావ వినే తీరు చూడలేకపోయాను. బండి బాగుచేద్దామని నేనే పట్టుబట్టాను. టార్పాలిన్ తీస్తే ఎయిర్ ఫిల్టరు పెట్టెలో ఎలుక గూడు. ట్యాంకులో పెట్రోలు జిగురై వార్నిష్ కంపు కొడుతోంది. అదంతా పారబోసి, కార్బురేటరు విప్పి సన్న బెజ్జాలన్నీ ఊది, కొత్త ప్లగ్గు వేసి, టైర్లకు గాలి పట్టించాం. బావ ఒక్కో ముక్కా తుడిచి ఇచ్చాడు, నేను బిగించాను. స్టార్టు తాడు లాగి లాగి నా భుజం పడిపోయాక బండి దగ్గి, నల్లటి పొగ వదిలి, అందుకుంది. బావ ముఖం వెలిగింది. వెంటనే గుట్టవైపు చూసి ఇంజను ఆపేశాడు.

"దీని సప్పుడుకు మళ్ళీ వస్తాదేమోరా," అన్నాడు.

"ఏనుగే లేదు బావా. వంకలో బోల్తా కొట్టించింది నేను. నీకు అబద్ధం చెప్పినాను."

ఆయన కళ్ళు చెమర్చాయి.

"నాకు ధైర్నం వచ్చేదానికి తప్పు నీ నెత్తినేసుకుంటా ఉండావు. ఆ పొద్దు నీ మోచెయ్యి నేను సూడలేదా? ఎట్లా వణికినావో నాకు తెలీదా?"

"నిజం బావా. అక్క మీద ఒట్టు."

"నువ్వు ఒట్టేసినావంటేనే అది కతని ఊరంతా తెలుసు గదబ్బా. జరుగు."

నేను జరిగాను. ఆయన ఎక్కి వెళ్ళాడు.

ఇప్పుడు రోజూ పొద్దున్నే పైకి వెళ్తున్నాడు. దిగేటప్పుడు ఒళ్ళో కాయలు పెట్టుకుని దిగుతాడు. ఆయన సంతోషంగా ఉన్నాడు. నేనూ సంతోషంగానే ఉన్నాను, అబద్ధమెందుకు. కానీ బండికి పాత ఆటో హారను ఒకటి కట్టించుకున్నాడు. ప్రతి మలుపు దగ్గరా ఆగి, అది కొట్టి, కాసేపు చెవులు రిక్కించి, అప్పుడు కదులుతాడు. నేను కింద నిలబడి ఆ కాసేపూ వింటాను. ఇంకోసారి చెప్పి చూశాను. మంచివాడివిరా అని భుజం తట్టాడు. తిట్టినా ఇంత బరువుండేది కాదు.

మిమ్మల్ని క్షమించమని అడగను, అది మీ చేతిలో పని కాదు. ఒక్కరైనా నమ్మితే చాలు. ఆ మలుపులో ఏనుగు లేదు. నేనే ఉన్నాను. హమ్మయ్య, రాసేశాను.