మోకరిస్తే మెడ మీద పడిన చెయ్యి

చనిపోయినవాళ్ళు దయ్యాలై తిరుగుతారని నేను ఏనాడూ నమ్మలేదు. విశ్వాసుల ఇంట్లో పుట్టాను, సండే స్కూల్లో పెరిగాను, తర్వాత బైబిలు కాలేజీలో చదివాను. అపవిత్రాత్మలున్నాయని వాక్యం చెప్తుంది కాబట్టి ఒప్పుకుంటాను. కానీ యేసు నామం ఎత్తితే అవి నిలవవన్నది నాకు చిన్నప్పుడు నేర్చిన ఎక్కమంత ఖాయం. నాకు జరిగింది ఈ నమ్మకాల్లో దేనిలోనూ ఇమడదు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి. మాది పొదిలి దగ్గర పల్లె. టాంజానియా పల్లెల్లో నాలుగేళ్ళపాటు సువార్త పని చేయడానికి నన్ను, నా భార్య కరుణను పంపాలని మా సంఘం తీర్మానించింది. వీసాలు వచ్చాయి. టీకాలు వేయించుకున్నాం. కరుణ కొత్త కారం పట్టించి, రెండేసి కవర్లలో కట్టి, సూట్‌కేసులో సగం దానితోనే నింపింది. నా పుస్తకాలకు చోటు లేదని గొడవ కూడా పడ్డాను.

బయలుదేరే ముందు ఆదివారం, ఆరాధన అయ్యాక వీడ్కోలు కూడిక పెట్టారు. మా సంఘంలో ఒక పద్ధతి ఉంది. దూరం వెళ్ళేవాళ్ళను వేదిక వెనక గోడకు వీపు ఆనేంత దగ్గరగా, జనం వైపు తిప్పి మోకరింపజేస్తారు. వాళ్ళ ముఖాలు అందరికీ గుర్తుండాలని. పెద్దలు ఎదురుగా నిలబడి వాళ్ళ తలల మీద చేతులుంచుతారు. మిరప కోతల రోజులైతే ముందు మజ్జిగతో చేతులు కడుక్కోవాలి. లేకపోతే ప్రార్థన అందుకున్నవాళ్ళకు కళ్ళు మండిపోతాయి. అవి కోతల రోజులే.

సంఘపెద్ద ఆశీర్వాదం బాబాయి మజ్జిగ గిన్నెలో చేతులు ముంచుతూ, "ఏరా, అక్కడ సింహాలుంటాయంటగా? వస్తే కరుణ పెట్టిన పులుసు ముందర పెట్టు. అదే పారిపోద్ది" అన్నాడు.

"మొన్న మూడుసార్లు పోయించుకుంది ఎవరో బాబాయ్?" అంది కరుణ.

నవ్వుకుంటూనే మోకరించాం.

అయ్యగారు ప్రార్థన మొదలుపెట్టారు. పాస్టరు గారిని మేమందరం అలాగే పిలుస్తాం. తల మీద నాలుగైదు చేతుల బరువు తెలుస్తోంది. మధ్యలో ఎప్పుడో మెడ వెనక ఇంకో చెయ్యి పడింది. చల్లగా ఉంది. మజ్జిగ తడి ఆరని చెయ్యేమో అనుకున్నాను.

ఆమేన్ అన్నారు. తల మీది చేతులన్నీ లేచాయి. మెడ మీది చెయ్యి లేవలేదు.

కళ్ళు తెరిచాను. పెద్దలందరూ నా ఎదురుగానే ఉన్నారు. బాబాయి కండువాతో కళ్ళు తుడుచుకుంటున్నాడు. నా వెనక గోడ తప్ప ఏమీ లేదు. లేవబోయాను. అది కిందికి నొక్కింది.

అయ్యగారు రెక్క పట్టి లేపితే లేచాను. లేచిన క్షణంలో బరువు పోయింది. మోకాళ్ళు పట్టేశాయనుకుని అందరూ నవ్వారు.

ఇంటికొచ్చి చొక్కా విప్పితే కరుణ నా మెడ చూసి, "ఎవరండీ, ఇంత మొరటుగా పట్టుకుంది?" అంది. వేళ్ళ అచ్చులు ఎర్రగా తేలాయట. కొసలు గొంతు వైపు ఉన్నాయంది. వెనక నిలబడి పట్టుకుంటే పడే అచ్చులవి.

మర్నాడు పొద్దున మంచం పక్కన మోకరించాను. మళ్ళీ వచ్చింది. చేలో, ఎర్రటి ఎండలో, పత్తి మొక్కల మధ్య మోకరించి చూశాను. అక్కడికీ వచ్చింది. నిలబడితే లేదు. దాంతో నిలబడే ప్రార్థన చేయడం మొదలుపెట్టాను. పరదేశంలో వాక్యం చెప్పబోయేవాణ్ణి, మోకాళ్ళు నేలకు ఆనించడానికి భయపడుతున్నాను.

చివరికి అయ్యగారికి చెప్పాను. "సాతాను ఆటంకం నాయనా. పనికి వెళ్ళేవాళ్ళకు తప్పదు. రండి, ఇద్దరం మోకరిద్దాం" అన్నారు. మందిరంలో మేమిద్దరమే ఉన్నాం. తలుపులన్నీ తెరిచే ఉన్నాయి. మోకరించగానే చెయ్యి పడింది. ఆయన యేసు నామంలో గద్దించారు. బరువు ఇంకా పెరిగి నా నుదురు చాపకు ఆనింది.

"పోయిందా?"

"లేదండి."

ఆయన నా మెడ మీద చెయ్యి వేయబోయి చటుక్కున వెనక్కి తీసుకున్నారు. "చల్లగా ఉందిరా" అన్నారు. అంతకుముందు ఆయన నన్ను ఎప్పుడూ 'రా' అనలేదు. నన్ను లేపి బయటికి తీసుకొచ్చారు.

ఇంటికొచ్చి కరుణకు జరిగింది చెప్పాను. "దేవుడే మనల్ని ఆపుతున్నాడేమో అండీ" అంది.

"దేవుడైతే నాకింత భయం ఎందుకు?"

"మరి సాతానైతే ఆ నామానికి ఎందుకు పోలేదు?"

రైలెక్కాల్సిన రోజు ఉదయం, కట్టిన సామాను పక్కనే మోకరించాను. చెయ్యి పడింది. "ప్రభువా, నేను వెళ్ళను" అన్నాను. మాట పూర్తి కాకముందే పట్టు సడలింది. ఒక్కో వేలూ నెమ్మదిగా లేవడం నాకు తెలిసింది.

మేము వెళ్ళలేదు. మా బదులు వేరే దంపతులు వెళ్ళారు. ఏ ప్రమాదమూ, ఏ జబ్బూ వాళ్ళను తాకలేదు. అక్కడ ఒక సంఘం కట్టి, నాలుగేళ్ళ తర్వాత చంటిబిడ్డతో క్షేమంగా తిరిగొచ్చారు. ఇక్కడ మాకూ ఏ కీడూ జరగలేదు. అది హెచ్చరికే అయితే దేని గురించో నాకు అంతుపట్టలేదు. ఆటంకమే అయితే అది గెలిచింది.

ఇప్పటికీ రోజూ మోకరిస్తాను. మెడ మీద ఏ బరువూ ఉండదు. అయినా ప్రార్థన మొదలుపెట్టే ముందు ఒకసారి మెడ తడిమి చూసుకుంటాను. వెళ్ళనని ఆ రోజు నేను చెప్పింది ప్రభువుకే. విన్నది ఎవరో మాత్రం నాకు తెలియదు.