వైగై వెనక్కి తగ్గాక

మదురై కోట గోడలు కూలగొట్టించి, ఆ రాళ్ళూ మట్టీ పోసి చుట్టూ ఉన్న అగడ్తను పూడ్పించారు కుంఫిణీ దొరలు. పూడ్చిన నేల మీద కొత్త వీధులు వేశారు. అలాంటి వీధిలోనే మా అత్తవారి ఇల్లు. నేను ఆండిపట్టి అవతల రేగడి నేలల ఊళ్ళో పుట్టినదాన్ని. పెళ్ళయి ఆ ఇంటికి వచ్చేనాటికి గోడలకు ఇంకా పచ్చి సున్నం వాసన పోలేదు. మెట్ట నేల మీద పెరిగినదాన్ని కాబట్టి, కాలి కింద అంత మెత్తగా ఉండే వాకిలి నాకు ఎన్నడూ నచ్చలేదు.

ఇంట్లో ఉండేది ముగ్గురం. అత్త, నా పెనిమిటి, నేను. మామ అప్పటికే కాలం చేశాడు. పక్క ఇంట్లో చినమామ, అంటే మామకు తమ్ముడు. వీధిలోని తెలుగువాళ్ళకు మంచి జరిగినా చెడు జరిగినా ముందు ఆయన్ను పిలిచేవారు.

ఆ ఏడు ఐప్పసి నెలలో, అంటే దీపావళి రోజుల్లో, నా పెనిమిటి పత్తి కోసం బండి కట్టుకుని వైగై దాటి ఉత్తరంగా వెళ్ళాడు. అప్పటికి ఏటి మీద వంతెన లేదు. బండ్లు ఇసుకలో దిగి, పాయల్లో తడిసి, అవతలి గట్టు ఎక్కేవి. ఇక ఇవాళో రేపో వస్తాడనగా పుయలు వచ్చింది. గాలివానను అరవంలో అలా అంటారు, మా ఇళ్ళలోనూ అదే మాట. ఆ గాలి గురించి నేను చెప్పగలిగింది తక్కువ. తలుపుకు రుబ్బురోలు అడ్డం దొర్లించి, నేనూ అత్తా కొట్టుగదిలో ఒకరి చేయి ఒకరం పట్టుకుని కూర్చున్నాం. ఇంటి కప్పు మీద పెంకులు లేచిపోవడం వింటూ ఉన్నాం. అంతే. నా బతుకు మారింది గాలి ఆగిన తరువాత.

తెల్లవారి తలుపు తీస్తే వీధి ఆనవాలు పట్టలేకపోయాను. ఎదురింటి పందిరి మా వాకిట్లో పడి ఉంది. ఎక్కడివో తాటాకులు, ఎవరిదో ఉయ్యాల, కాళ్ళు పైకెత్తిన మేక. వీధిలో ఒక్క కాకి లేదు. అత్త ఆ వీధి పొడుగూతా చూసి, నాతో ఒక్క మాటే అన్నది.

"వాడు దాటుండడు. ఆ గట్టునే నిలిచి ఉంటాడు. ఏరంటే వానికి కొత్తా?"

పొద్దెక్కాక నేను అందరితో పాటు ఏటి వైపు వెళ్ళాను. గట్టు ఉండవలసిన చోట గట్టు లేదు. మొన్నటి ఇసుక తిన్నెల మీద ఎర్రటి నీళ్ళు కొండచిలువలా మెల్లగా ఒరుసుకుంటూ పోతున్నాయి. చప్పుడు పెద్దగా లేదు, అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. పశువులు కొట్టుకొచ్చాయి, ఒక గుడిసె కప్పు అలాగే తేలుతూ పోయింది. దాని మీద ఎవరైనా ఉన్నారేమోనని అందరం చూశాం. ఎవరూ లేరు.

నీళ్ళు తీస్తున్న కొద్దీ అవతలి పల్లెల జనం తెప్పల మీద ఇవతలికి రాసాగారు. పాత నాయకరాజుల మహలు స్తంభాల కింద కొందరు, మా వీధి అరుగుల మీద కొందరు. ఎవరి చేతిలోనూ మూటల్లేవు. అలా వచ్చినవాళ్ళలో ఒకామె మా అరుగు చివర గోడకు ఆనుకుని కూర్చుంది. వయసు నాకంటే కొంచెం ఎక్కువ ఉండొచ్చు. మొహమంతా గీరుకుపోయి ఉంది, నోట మాట లేదు. కంజి ఇస్తే తాగింది, పేరూ ఊరూ అడిగితే చూసింది. చలికి ఒక మగవాడి తుండు భుజాల చుట్టూ కప్పుకుని ఉంది.

ఎర్ర అంచు తుండు. ఒక మూల చిరిగితే పచ్చదారంతో కుట్టినది. ఆ కుట్టు నాది.

నేను చెంబు కింద పెట్టి లోపలికి వెళ్ళిపోయాను. పొయ్యి ముందు కూర్చుని ఊరికే పుల్లలు ఎగదోశాను. అడిగితే చెబుతుందేమోనని భయం. చెప్పేది ఏదో అయి ఉంటుందని భయం. అడగనంత సేపూ ఆయన ఆ గట్టునే నిలిచి ఉంటాడు.

ఆ సాయంత్రం అత్త ఆమెను లోపలికి తీసుకొచ్చి, వేణ్ణీళ్ళు పోసి, తన పాత చీర ఇచ్చింది. తడిబట్టలన్నీ ఉతికి ఆరేసింది. వాటిలో ఆ తుండు లేదు. నేను అడగలేదు. అత్త చెప్పలేదు. ముగ్గురం ఒకే పొయ్యి దగ్గర తింటూ, ఎవరం ఎవరి మొహం చూడకుండా రోజులు గడిపాం.

అప్పుడే నేల కుంగడం మొదలైంది. వాకిట్లో ముందు ఒక గుంట పడింది. పూడ్చి మట్టి తొక్కితే మర్నాటికి మళ్ళీ దిగింది. వెనక గోడలో బీట రోజురోజుకూ పైకి పాకింది. వీధి చివరి బావిలో నీళ్ళు చేత్తో అందేంత పైకి వచ్చి నల్లగా నిలిచాయి. వాసన కొట్టేవి. ఏరు దాటి మంచినీళ్ళు తెచ్చేవాళ్ళు లేక, అందరం వాటినే గుడ్డలో వడకట్టుకుని తాగాం. తరువాత ఒక ఇంట్లో వాంతులూ భేదులూ అన్నారు. దాని పక్కింట్లో అన్నారు. ఇంకో ఇంటి నుంచి ఏడుపు వినిపించింది, ఆ పైన ఏడుపులు కూడా వినిపించలేదు. పొద్దున వాకిలి చిమ్మిన మనిషి మాపటికి లేదు. ఏ ఇంటి తలుపు తెరవకపోయినా దాని ముందు నుంచి జనం పరుగులాంటి నడకతో పోయేవారు.

ఒకనాటి పొద్దున చినమామ వచ్చాడు. లోపలికి రాకుండా గడప బయటే నిలబడ్డాడు.

"ఎన్నాళ్ళని చూస్తాము వదినా? వెళ్ళం తీసేసింది. ఉంటే ఒక సేది అయినా వచ్చుండాల."

వెళ్ళమంటే వరద, సేదంటే కబురు.  ఆయన గొంతు తగ్గించాడు.

"వీధిలో ఏమనుకుంటాండారో నీకు తెలీదు. చేయాల్సిన కర్మం చేయకుండా పెట్టినారు, వాడు గతి లేక ఇల్లిల్లూ తిరుగుతాండాడు, ఈ రోగం వాని వల్లనే అంటాండారు. కర్మం చేసేసి, పిల్ల గాజులు తీపిస్తే..."

"నా కొడుకు పీడై వీధి మింద పడినాడని నా ఎదుటనే చెప్తావా మరిదీ?" అత్త గొంతు లేవలేదు. "నా పాప గాజుల మింద చెయ్యి పడాలంటే ముందు నన్ను దాటి పోండి."

ఆయన వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. ఆయనకూ జ్వరం వచ్చినవాడిలా కళ్ళు లోపలికి పోయి ఉన్నాయి. ఆయన చిన్నకూతురు అప్పటికే మంచం పట్టిందని మాకు తరువాత తెలిసింది. ఆ పిల్ల నిలవలేదు.

అత్తకు అది అంటుకున్నది కూడా పొద్దుటి పూటే. మధ్యాహ్నానికి కాళ్ళు చల్లబడి, చేతివేళ్ళ చర్మం ముడుచుకుపోయింది. నేను పాదాలు రుద్దుతున్నాను. అరుగు మీది నుంచి తెచ్చుకున్న ఆమె అత్త తల ఒళ్ళో పెట్టుకుంది. అత్త నా వైపు తిరిగింది.

"ఆ తుండు వడ్ల గాదె వెనక పెట్టినా. నువ్వు చూసినావని నాకు తెలుసు పాపా. నువ్వు అడగలే, నేనూ అడగలే." నా వైపు చెయ్యి చాపి, "నాకు ధైర్యం చాలలే. నువ్వు అడుగు," అన్నది.

అత్త పోయింది. మోసేవాళ్ళు దొరక్క చినమామ తానే పాడెకు ఒక కొమ్ము పట్టాడు.

ఇంటికి తిరిగొచ్చి తలస్నానం చేశాక, నేను ఆమె ఎదుట కూర్చుని అడిగాను. ఆమె తమిళంలో, నేల చూస్తూ చెప్పింది. వాళ్ళ గుడిసె అవతలి గట్టు మీద. ఇంట్లో ఆమె, ముసలి తండ్రి. గాలికి ముందు ఒకాయన ఏరు దాటకుండా బండి నిలిపేసి, వాళ్ళ చూరు కింద తలదాచుకున్నాడు. నీళ్ళు గుడిసెలోకి వచ్చినప్పుడు ఎద్దులను విప్పి వదిలేశాడు. ఆమెను చింతచెట్టు ఎక్కించి, తన తుండుతో కొమ్మకు కట్టేశాడు. తండ్రి ఇంకా గుడిసె కప్పు పట్టుకుని ఉన్నాడు. ఆ ముసలాయన కోసం బండి మనిషి మళ్ళీ నీళ్ళలోకి దిగాడు.

"తరువాత?"

"ఇద్దరి కేకలూ ఒకసారి విన్నాను. అంతే తల్లీ. గాలి."

అత్త చెప్పింది నిజమే. ఆయన దాటలేదు, ఆ గట్టునే నిలిచాడు.

ఆ మాట వీధిలోకి ఎలా వెళ్ళిందో తెలియదు. ఇంక సాక్షి దొరికిందన్నారు. మర్నాటి ఉదయం మా అరుగు మీద పెద్దమనుషులు కూర్చున్నారు. ఆడవాళ్ళు ఎదురింటి గోడ వారన, ముక్కులకు కొంగు అడ్డం పెట్టుకుని నిలబడ్డారు. ఇద్దరు ముత్తైదువలు పసుపునీళ్ళ గిన్నె కూడా తెచ్చి ఉంచారు. అది చూసి నేను చేతులు కొంగులో చుట్టుకున్నాను. చినమామ ఆమెను పిలిచి, ఆమెకు తెలియడానికి తమిళంలోనే అడిగాడు. చూసింది చూసినట్టు చెప్పు తాయీ, మావాడు వెళ్ళంలో పోయాడు కదా అని.

"పోనదు పార్త్తేన్," అన్నది. పోవడం చూశాను.

అయితే చనిపోయాడు కదా అని ఆయన.

"సెత్తదు పార్క్కలే." చావడం చూడలేదు.

అరుగు మీద ఎవరో విసుక్కున్నారు. అంత నీటిలో పడి ఎవరు బతుకుతారే అని గదమాయించారు.  ఆ వీధిలో ఆమెకు నిలువ నీడ మా ఇల్లొక్కటే, వాళ్ళు వెళ్ళగొడితే అదీ లేదు. అయినా తల ఎత్తి, "నేను బతికి ఉన్నాను కదా సామీ," అన్నది. "చూడనిది చూశానని నా నోటితో చెప్పను. అక్కడున్నది మా అయ్య కూడా."

అందరూ నా వైపు చూశారు. పెద్దల ముందు నేను అంతకుముందు నోరు తెరిచిందాన్ని కాను.

"నేను కళ్ళారా చూసినానంటే నేనే తీస్తా మామా. అందాకా నా చెయ్యి ఎవరూ ముట్టద్దు."

పసుపునీళ్ళు తెచ్చినవాళ్ళు కదలలేదు. చినమామ తుండు దులిపి భుజాన వేసుకుని లేచాడు. కోపం లేదు ఆయన మొహంలో.

"అట్లైతే ఈ వీధిలో ఉండద్దమ్మా. జనం నిన్ను చూసి భయపడతాండారు. భయపడినోళ్ళు ఏమి చేస్తారో నేను చెప్పలేను. నిన్ను కాచే బలం నాకు లే."

పడమటికి పోయే జనంతో కలిసి, మేమిద్దరం కణవాయి దారిన, కొండల నడిమి కనుమ గుండా, మా పుట్టింటికి నడిచాం. మా నాన్న నన్ను చూశాడు, ఆమెను చూశాడు, ఏమీ అడగకుండా ఇంకో చాప వేయమన్నాడు. ఆ చలికాలమంతా వాకిట్లో కుక్క మొరిగినా నేను లేచి చూసేదాన్ని. ఒక్కోసారి నాకంటే ముందే ఆమె లేచి నిలబడి ఉండేది.

మాసి నెలలో, శివరాత్రి రోజుల్లో, చినమామ వచ్చాడు. దుమ్ము కొట్టుకుపోయి, సగానికి సగం చిక్కి ఉన్నాడు. మంచినీళ్ళు తాగి చెంబు పక్కన పెట్టాడు.

"ఏట్లో చెలమ తవ్వతా ఉంటే బండి ఇరుసు తగిలింది. పక్కన మనుషులుండారు. నేను చూసినా. ఏమీ చెప్పను. నువ్వే వచ్చి చూడల్ల."

చూశాం. ఏరు మళ్ళీ ఇసుకై, వెలుతురుకు కళ్ళు విప్పనీయకుండా ఉంది. గుర్తుపట్టడానికి మొహాలు లేవు. ఒకరి నడుము దగ్గర నల్లబడిన వెండి మొలతాడు. తెగిన కొలికి దగ్గర రాగితీగ చుట్టి ఉంది. ఆ తీగ నేను చుట్టేటప్పుడు చక్కిలిగింతలని ఆయన మెలికలు తిరిగిపోయాడు. రెండో మనిషి ఎడమచేతి ఎముక ఎప్పుడో విరిగి వంకరగా అతుక్కున్నది. ఆమె దాని పక్కన ఇసుకలో కూలబడింది.

గాజులు నేనే తీశాను, ఒక్కటీ పగలగొట్టకుండా.  చినమామ మొహం తిప్పుకున్నాడు.

ఎముకలను విడదీయాలి, ముసలాయన మన కులం కాదు అని వెంట వచ్చినవాళ్ళలో ఒకరు అన్నారు.

"ఇన్ని నెలలు ఒకచోటనే ఉండారు. ఉండనీ," అన్నాడు చినమామ. ఇద్దరికీ కలిపి ఆయనే నిప్పు పెట్టాడు.

ఆయన ఉండమన్నాడు కానీ నేను మదురైలో ఉండలేదు. మా ఇంటి వెనక గోడ అప్పటికే పడిపోయి, లోపల నీళ్ళు నిలిచి ఉన్నాయి. ఆమె నాతోనే వచ్చింది. నాన్న ఇచ్చిన పొలం చెక్కలో పత్తి, జొన్న వేసుకుని ఇద్దరం బతికాం. మీకు ఆమె ఏమవుతుందని ఊళ్ళో అడిగితే నేను అక్క అనేదాన్ని, ఆమె తంగచ్చి అనేది. చెల్లెలని.

పోయినేడు ఆమె కూడా వెళ్ళిపోయింది. ఇవన్నీ ఇప్పుడు మా తమ్ముడి మనవరాలు రాస్తోంది. మా ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళే అందరూ, రాయడం వచ్చినది ఆ పిల్లకే. ఐప్పసిలో తూర్పున మబ్బు కమ్ముకొచ్చి, గాలి ఒక్కసారిగా నిలిచిపోయిన రోజుల్లో నేను పశువుల పలుపులు విప్పేస్తాను. ఎందుకని పిల్లలు అడుగుతారు. కట్టేసి ఉంచితే అవి పోలేవు కదా అంటాను.