సీనప్ప విప్పిన బోల్టులు

సీనప్ప చేసిన బెంచీ కదలదు. ఈ అరవ సీమ ధర్మపురిలో ముప్పై ఏళ్ళుగా ఈ మాట ఉంది. దాన్ని వీధివీధికీ మోసిందెవరంటే ముందుగా సీనప్పే. మా హార్డ్‌వేర్ అంగడిలో మేకులు తూకం వేయించుకునేటప్పుడు కూడా పక్కన నిలబడ్డ మనిషికి ఆ సంగతి చెప్పకుండా వెళ్ళేవాడు కాదు. వింటూ వింటూ నాకు ఒళ్ళు మండేది. నా పేరు కమలవేణి. మావాళ్ళు ఈ ఊరికి ఎప్పుడొచ్చి అంగడి పెట్టారో మాకే తెలియదు. గొప్పలు చెప్పుకునేవాళ్ళను రోజుకు పదిమందిని చూస్తాను, తొమ్మిది మందిని నమ్మను.

సీనప్ప గొప్పలో మాత్రం అబద్ధం లేదు. మా వీధి చివర పాత బడిలో ఎనిమిది గదుల బెంచీలూ అతను చేసినవే. కాళ్ళకు ఇనప పట్టీలు వేసి, నేలలో గుంట తవ్వి, బోల్టు దింపి, సిమెంటు పోశాడు. పిల్లలు ఎక్కి గంతులేసినా అవి కిర్రుమని కూడా అనలేదు.

పోయిన ఏడాది ఆ బడికి శశికళ హెడ్‌మిస్ట్రెస్‌గా వచ్చింది. పాపారపట్టి వైపు అమ్మాయి, ఇంట్లో మనలాగే తెలుగు. ఒకరోజు కాగితాల మీద బొమ్మలు గీసుకుని మా అంగడికి వచ్చింది. పాఠాన్ని బట్టి గది మారాలట. కథ చెప్పేటప్పుడు పిల్లలు గుండ్రంగా కూర్చోవాలి, లెక్కలకు నలుగురేసి చేరాలి, ఒంటరిగా చదువుకునేవాడికి కిటికీ దగ్గర చోటుండాలి. పిల్లల చేతికందే ఎత్తులో మూడు గోడలకూ బోర్డులు కావాలి. అన్నిటికంటే ముఖ్యం, బల్లలను పిల్లలే జరుపుకోగలగాలి.

"అక్కా, ఇట్లాటిది చేసేవాళ్ళు ఎవరున్నారు?" అంది.

"సీనప్పను మించినవాడు లేడు" అన్నాను. ఆ మాట అన్నది నేనే, కాదనను.

బడి కరస్పాండెంట్ అరుణాచలం ఒక్క అయిదో తరగతి గదికే ఒప్పుకున్నాడు. దీపావళి సెలవులలోగా పిల్లలు తామే సర్దుకుని చదువుకోవడం తన కళ్ళతో చూడాలి, లేదంటే పాత బెంచీలు మళ్ళీ లోపలికి వస్తాయి అన్నాడు. మేస్త్రీలు పెళ్ళగించిన ఆ బెంచీలను పారేయనివ్వకుండా షెడ్డులో పెట్టించాడు కూడా. పాత బెంచీలు వస్తే పాత వరస వస్తుంది. ఆ బడిలో ప్రతి గది మధ్యా ఒక లావుపాటి స్తంభం ఉంటుంది. పొడుగు పిల్లలను చివరి వరసలో వేస్తారు, అంటే స్తంభం వెనక. ఆ ఏడు అయిదో తరగతిలో అందరికంటే పొడుగు పిల్ల సీనప్ప మనవరాలు అభినయ. బోర్డు మీద ఏముందో పక్కపిల్ల నోట్సులో చూసి రాసుకునేది. అందులోని తప్పులతో సహా.

సీనప్ప పన్నెండు బల్లలు చేశాడు. వేగిస కర్రతో, నున్నగా, ముఖం చూసుకునేంత మెరుపుగా చేశాడు. ఒక శనివారం మా అంగడికి వచ్చి నాలుగు డజన్ల పెద్ద బోల్టులు అడిగాడు. కదిలే బల్లలకు ఇన్ని బోల్టులెందుకని నేను అడగాలి కదా. అంగట్లో రద్దీగా ఉంది, అడగలేదు, కట్టి ఇచ్చాను.

సోమవారం పొద్దున్నే శశికళ ఫోను చేసింది. "అక్కా, ఒకసారి వచ్చి చూడండి" అన్న ఆ గొంతు విని చెప్పులు కూడా సరిగా వేసుకోకుండా పరిగెత్తాను. పన్నెండు బల్లలూ గుండ్రంగా ఉన్నాయి, ఆమె గీసిన బొమ్మలో ఉన్నట్టే. కాకపోతే పన్నెండింటినీ నేలకు బిగించేశాడు. అభినయ ఎప్పటిలాగే స్తంభం వెనక కూర్చుని మెడ సాచి చూస్తోంది.

"ఏమి సీనప్పా ఇది?" అన్నాను, పనిముట్లు సర్దుకుంటున్న అతనితో.

"ఆడినాయి కమలమ్మా. చెయ్యి పెడితే జరిగినాయి. ఆడే బల్లను ఇచ్చి నేనెట్ల ఇంటికి పోయేది?"

"జరగాలనే కదా అడిగింది" అంది శశికళ. పాపం, ఆమె గొంతులో ఏడుపే తక్కువ.

"టీచరమ్మా, ఇన్నేండ్లు నాకు పని చెప్పినోళ్ళు ఎవురూ జరిగే బల్ల కావాలని అడగలే" అన్నాడు సీనప్ప. సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. బోల్టులు విప్పించి చూస్తే ఇంకో సంగతి తేలింది. ఆ కర్ర బరువుకు నలుగురు పిల్లలు పట్టినా బల్ల లేవలేదు. దీపావళికి మూడు వారాలుంది.

ఆ సాయంత్రమే పాలకోడు రోడ్డులో ఉన్న సీనప్ప ఇంటికి వెళ్ళాను. దారంతా ఏమేమి అనాలో మనసులో కూర్చుకున్నాను. నా నోటికి పని లేకుండా పోయింది. అతని కూతురు మారమ్మ అప్పుడే టమాటా మండీ నుంచి వచ్చింది. అక్కడ కాయలు ఏరి వేరుచేసే పని ఆమెది. నేను సంగతి చెబుతుంటే చేతులు కడుక్కుంటూ వింది.

"నాయినా, నువ్వు చేసిన బెంచీ కదల్లేదు" అంది. "దాంతో నేనూ కదల్లేదు."

సీనప్పకు అర్థం కాలేదు. నాకూ కాలేదు.

"ఆరో క్లాసులో కంబం ఎనకాల కూర్చుంటిని. బోర్డు కనపడలేదని టీచరుకు చెప్తిని. బెంచీ జరిపితే సరిపోతాది, యాడ జరుగుతాది, అది సీనప్ప చేసింది కదా అని అందరూ నవ్వినారు. నేనూ నవ్వితిని. ఆ ఏడు ఫెయిల్ అయితిని, బడికి పోకుండా నిలిచిపోతిని."

"నాకు ఎందుకు చెప్పలే?"

"ఊరంతా నిన్ను మెచ్చుకుంటా ఉండ్రి. నాకు నోరు రాలే."

సీనప్ప అరుగు మీద కూర్చుండిపోయాడు. ఇంత గొప్పలు చెప్పుకునే మనిషి అలా ముడుచుకుపోతే చూడలేకపోయాను. తిట్టడానికి వచ్చినదాన్ని, లోపలికి వెళ్ళి నేనే కాఫీ కలుపుకొచ్చాను.

ఆ సమయంలో అభినయ హోంవర్కుకు కూర్చుంది. దొడ్లో పాత చెక్కపెట్టెలు రెండున్నాయి. ప్లాస్టిక్ పెట్టెలు రాకముందు టమాటాలు పోసి పంపినవి. ఒకదాన్ని పడుకోబెట్టి కూర్చుంది, ఇంకోదాన్ని నిలబెట్టి దాని మీద రాయడం మొదలుపెట్టింది. ఎండ ముఖం మీద పడగానే రెండింటినీ చెరో చేత్తో పట్టుకుని నీడలోకి మార్చుకుంది. పెట్టెకు రెండు పక్కలా చెయ్యి దూరే సందు ఉంది మరి.

సీనప్ప లేచి వెళ్ళి ఆ పెట్టెను జానతో కొలిచాడు. పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి.

"ఇవి ఎవరు చేశారు?" అన్నాను.

సీనప్ప పెట్టె మీంచి చెయ్యి తీశాడు. "నేనే. పాలకోడు మండీలో పెట్టెలు కొట్టే పని నాది. దినానికి అరవై కొడ్తా ఉంటిని. పెట్టెలు కొట్టేవాడని పిలుస్తారని ఈడికొచ్చినాక ఎవురికీ చెప్పలే."

"ముప్పై ఏళ్ళుగా నాకు చెప్పని గొప్ప ఇదొక్కటే" అన్నాను. మారమ్మ నవ్వింది. అతనికి నవ్వు రావడానికి కొంచెం సేపు పట్టింది.

మర్నాటి నుంచి సీనప్ప పనిచేసుకునే కొట్టంలో సుత్తి చప్పుడు ఆగలేదు. తేలిక చెక్కతో పెట్టెలు చేశాడు. పడుకోబెడితే చిన్నపిల్లల పీట, నిలబెడితే పొడుగు పిల్లల స్టూలు, పక్కకు తిప్పి పేరిస్తే పుస్తకాల అర. పన్నెండు బల్లలకూ బరువు చెక్కలు తీసి పలచని పలకలు వేసి, ఇద్దరు పిల్లలు పట్టుకుపోయేలా చేతిసందులు కోశాడు. ప్రతి అంచునూ తన బుగ్గకు రాసుకుని చూసి మళ్ళీ చిత్రిక పట్టాడు. ఒక్కో పెట్టెనూ అభినయ చేతికిచ్చి కొట్టం చుట్టూ నడిపించాడు. ఆ పిల్ల ఆయాసపడితే ఆ పెట్టె పక్కకు పోయేది. బోల్టుల కోసం మాత్రం మా అంగడికి రాలేదు.

సెలవులకు రెండు రోజుల ముందు అరుణాచలం వచ్చాడు. సీనప్ప, నేను వెనకే వెళ్ళాం. గది తలుపు తీసి ఉంది. లోపల ఏమీ లేదు. బల్లలు లేవు, పెట్టెలు లేవు, పిల్లలు లేరు. ఖాళీ నేల, నడుమ స్తంభం. సీనప్ప గడప పట్టుకుని నిలబడ్డాడు.

"తీసేసినారా అయ్యా?" అన్నాడు.

అరుణాచలం కూడా తెల్లబోయాడు. అంతలో వెనక వరండా నుంచి అభినయ గొంతు వినిపించింది, "తాతా, ఈడ ఉండాం."

కరెంటు పోయి ఫ్యాన్లు ఆగాయట. గాలి తగిలేచోటికి పోదామని పిల్లలే అన్నారట. గది మొత్తాన్ని వరండాలోకి మోసుకెళ్ళి, గుండ్రంగా వేసుకుని కూర్చున్నారు. శశికళ వాళ్ళ మధ్యలో ఒక పెట్టె మీద కూర్చుని పాఠం చెబుతోంది.

"ఎవరు మోశారు?" అన్నాడు అరుణాచలం.

"మేమే" అన్నారు నలభై మందీ.

నమ్మలేదు ఆ మనిషి. మళ్ళీ లోపలికి తెమ్మన్నాడు, వాచీ చూసుకుంటూ నిలబడ్డాడు. అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. ఈసారి నలుగురేసి కూర్చున్నారు. అభినయ తన పెట్టెను అటొకసారి ఇటొకసారి పెట్టి చూసి, కిటికీ దగ్గర నిలబెట్టి కూర్చుంది. అక్కణ్ణుంచి మూడు బోర్డులూ కనిపిస్తాయి. అరుణాచలం వాచీ మీంచి తలెత్తి, "మిగతా గదులు ఎప్పుడు మొదలుపెడతావు సీనప్పా?" అన్నాడు.

మర్నాడు సీనప్ప మా అంగడికి వచ్చి పెద్ద స్పానరు, ఉలి, నూనె డబ్బా తీసుకున్నాడు. పక్కన నిలబడ్డ మనిషికి బెంచీ సంగతి చెప్పకుండానే వెళ్ళాడు. నాకు మనసు ఆగక మధ్యాహ్నం బడికి వెళ్ళాను. పిల్లలను వరండాలోకి పంపి ఖాళీ చేసిన ఆరో తరగతి గదిలో స్తంభం వెనక బెంచీ మీద ఒక్కడే కూర్చుని ఉన్నాడు.

"బోర్డు కనపడలే కమలమ్మా" అన్నాడు. "చేసినప్పుడు దీని మింద ఎక్కి ఎగిరి చూస్తిని. కూర్చుని చూడలే."

స్పానరు అందించాను. అతను బిగించిన బోల్టులు అతని మాటే వినలేదు. సిమెంటు చెక్కి, నూనె పోసి, పొద్దు వాలేదాకా కుస్తీ పడితే నాలుగూ ఊడి వచ్చాయి. కూతుర్ని ఇంటికి తీసుకుపోదామని వచ్చిన మారమ్మ గుమ్మంలో ఆగి చూసింది. సంచీని కిటికీలో పెట్టి, చీర చెంగు బిగించింది.

"అట్ల పట్టుకో నాయినా, నేను ఇట్ల పడతా" అంది.

తండ్రీ కూతుళ్ళు చెరో వైపూ ఎత్తి, ఆ బెంచీని బయటికి మోసుకుపోయారు.