మా పెళ్ళి ఆపిన స్టీరింగ్

మొన్న అమలాపురంలో కారుకి సీటు కవర్లు వేయించడానికి వెళితే, షాపాయన నన్ను మాటల్లో పెట్టి, "కంపెనీ స్టీరింగ్ పీకేసి స్పోర్ట్స్‌ది వేయించుకోండి సార్, లుక్కే మారిపోద్ది" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే మా ఆవిడ, "మా ఆయనకి స్టీరింగులు అచ్చిరావండి" అనేసింది. ఆయన మళ్ళీ సీటు కవర్ల బేరంలోకి దిగాడు. ఆ అచ్చిరాని సంగతి తొంభైల నాటిది, ఖతర్‌లో జరిగింది.

అప్పుడు నేను దోహా శివార్లలోని మెసైమీర్‌లో ఒక పెద్దాయన ఇంట్లో డ్రైవర్ని. ఆయన్ని అందరం బాబా అనేవాళ్ళం. వాకిట్లో ఏసీ ఉన్న కొత్త కార్లెన్ని ఉన్నా ఆయన ఎక్కేది మాత్రం ఓ పాత పికప్పే. వెనకాల గడ్డిమోపులు వేసుకుని, ఊరవతల మేకల దొడ్డికి తనే నడుపుకుంటూ పోయేవాడు. నేను పక్కసీట్లో కూర్చుని జీతం తీసుకునేవాణ్ణి. దాని స్టీరింగ్ పెద్దది, నల్లటిది. బాబా బొటనవేలు ఆనేచోట అరిగి చిన్న గుంటపడింది. ఓ ఎండాకాలం ఆయన చల్లటి దేశం వెళ్ళగానే కొడుకు కన్ను ఆ బండి మీద పడింది. వట్టి షోకులరాయుడు. తోలు చుట్టిన, పళ్ళెమంత రేసు స్టీరింగొకటి అల్ సద్ బజారులో కొనుక్కొచ్చి, గరాజులో పాతది ఊడబీకించి, అది కుదరడానికి మధ్యలో గిన్నెలాంటి ఇనప ముక్క వేయించి కొత్తది బిగింపించాడు. పాతది నా చేతిలో పెట్టి చెత్తలో పారెయ్యమన్నాడు. వారం తిరక్కుండా చదువంటూ లండన్ చెక్కేశాడు.

పారెయ్యమంటే పారేసే జాతా మనది? గల్ఫులో మనవాళ్ళు ఖాళీ పాలపొడి డబ్బా కూడా దాచి ఇంటికి పంపేవాళ్ళు. నాకప్పటికే సంబంధం కుదిరింది. కాబోయే మావగారికి ఊళ్ళో జనాన్ని ఎక్కించుకు తిప్పే సర్వీసు జీపుండేది. ఊరెళ్ళిపోతున్న ఒకాయన అట్టపెట్టెలో, దుప్పట్లకీ సబ్బులకీ మధ్య స్టీరింగుని కూడా సర్ది పంపించేశాను. మావగారు లేతు మీద ఏదో ముక్క చేయించి దాన్ని జీపుకి అమర్చుకుని, ఫారిన్ స్టీరింగని కనబడ్డ ప్రతివాడికీ చూపించారట.

బాబా తిరిగొచ్చి పికప్ తలుపు తీశాడు. అరవలేదు. "నా స్టీరింగ్ ఏదీ?" అన్నాడు వచ్చీరాని హిందీలో. ఆ చిన్నదాంతో బండి తిప్పడం ఆయన భుజాల వల్ల కాలేదు. కొడుకుని ఫోన్లో అడిగితే "మాఫీ మాలూమ్", అంటే నాకేం తెలీదు, అన్నాడట. నేను నసుగుతూ పెళ్ళికి సెలవడిగాను. "స్టీరింగ్ తే, ఖురూజ్ తీసుకో. యల్లా, ఇక పో" అన్నాడు. దేశం దాటాలంటే యజమాని సంతకం పెట్టాల్సిన కాగితాన్ని ఖురూజ్ అంటారు. అది లేకపోతే చేతిలో టిక్కెట్టున్నా విమానం ఎక్కనివ్వరు.

నిజం చెబుదామంటే, స్టీరింగ్ మా దేశంలో ఉందనాలి. అలా అంటే దొంగనని ఒప్పుకున్నట్టే. కొడుకే పారెయ్యమన్నాడంటే ఆ ఇంట్లో నా మాట నమ్మేదెవరు? నోరు మూసుకుని ఆ పళ్ళేన్ని తిప్పుతూ తిరిగాను. దోహాలో ఏ రోడ్డు చూసినా రౌండబౌట్లే, చుట్టూ తిరిగి తిరిగి మళ్ళీ అదే గేటు ముందుకి వచ్చేవాణ్ణి. నెత్తి మీంచి విమానాలు పోతుంటే ఒళ్ళు మండేది. ముహూర్తం తప్పిపోయింది. ఇంకోటి పెట్టారు. నజ్మాలో ఫోన్ బూత్ నుంచి చేస్తే మావగారు, "అబ్బాయ్, అక్కడ మీకింకో సంసారం గానీ ఉందా? ఈసారీ రాకపోతే మా దారి మేం చూసుకుంటాం" అన్నారు. ఆ బూత్‌లోనే ఏడ్చేశాను. చివరికి వాళ్ళమ్మాయిని ఫోన్ దగ్గరికి పిలవమని బతిమాలి, ఉన్నదున్నట్టు చెప్పాను. "అదొస్తే మీరొస్తారా?" అంది.

తండ్రితో ఏం పోట్లాడిందో నాకు ఇప్పటికీ చెప్పదు. మా పక్క ఊరి అక్కొకావిడ దోహాలో ఇంటిపని చేసేది. సెలవయ్యి తిరిగొస్తూ స్టీరింగ్ తెచ్చిచ్చింది. దాంతోపాటు సంచీలో పెట్టిన ఆవకాయ దారంతా దాని మీదే కారింది. సబ్బుతో తోమాను, పెట్రోలుతో తుడిచాను. వాసన పోలేదు.

బాబా దాన్ని ఒళ్ళో పెట్టుకుని, గుంటలో బొటనవేలు ఆనించి చూసుకున్నాడు. తర్వాత ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"హింద్ వెళ్ళొచ్చిందా ఇది?"

"పారెయ్యమన్నారు బాబా. నాకు చేతులు రాలేదు" అన్నాను. ఎవరు పారెయ్యమన్నారో ఆయన అడగలేదు. స్టీరింగుని ఒళ్ళో ఇటూ అటూ తిప్పుతూ, "నా ఖురూజ్ లేకుండానే వెళ్ళొచ్చిందే" అన్నాడు. నవ్వాడో లేదో గడ్డంలో తెలియలేదు. ఆ సాయంత్రమే సంతకం పెట్టాడు. పికప్ నుంచి ఊడదీసిన ఆ పళ్ళెం స్టీరింగుని కూడా నా పెట్టెలో పెట్టించాడు. రెండో ముహూర్తానికి పెళ్ళయింది, మావగారి జీపు చివరిదాకా దాంతోనే తిరిగింది.

అప్పట్లో ఒక్క సంతకం కోసం దేశం కాని దేశంలో అలా పడి ఉన్నాను. ఇప్పుడు నన్నడక్కుండానే రోజులు ఒక్కొక్కటీ దాటి వెళ్ళిపోతున్నాయి. వాటికీ ఖురూజ్ అనేది ఒకటుంటే, నేను సంతకం పెట్టకుండా బాబా కంటే మొండిగా కూర్చునేవాణ్ణి.