రాని నొప్పికి సాక్ష్యం

మా చర్చి సంఘంలో ఒక మర్యాద ఉంది. ఎవరేమడిగినా వెంటనే అవునని గానీ కాదని గానీ అనం. "ప్రార్థనలో పెట్టి చెప్తానండి" అంటాం. పెళ్ళి సంబంధానికీ అదే మాట, ఫ్లాటు కొనమన్నా అదే, ఆదివారం భోజనాల దగ్గర వడ్డనకు రమ్మన్నా అదే. నిజంగా మోకరించి, దేవుని జవాబు కోసం కనిపెట్టి, అప్పుడు చెప్పేవాళ్ళు ఉన్నారు. నేను మాత్రం చాలాసార్లు ఆ మాటను వాయిదా వేయడానికే వాడుకున్నాను. ఆ సంగతి నాకు తెలిసొచ్చింది మా పాప దవడపంటి దగ్గర.

మాది మూసాపేట. మాదాపూర్‌లో ఒక కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. ఎవరో రాసిన ప్రోగ్రాంలో తప్పును అది బయటికి వెళ్ళకముందే పట్టుకోవడం నా పని. ఆదివారాలు సండే స్కూల్లో చిన్నపిల్లలకు పాఠం చెప్తాను.

పోయిన వేసవిలో మా పెద్దవాడికి దవడ వాచింది. అప్పటికి వాడికి తొమ్మిదేళ్ళు. వెనకపన్ను పుచ్చి, నరం దాకా పోయింది. ఆ పంటి మీద నల్లమచ్చను నేను ఏడాదిగా చూస్తూనే ఉన్నాను. పాలపన్నే కదా, ఎలాగూ ఊడుతుంది అనుకున్నాను. అది పాలపన్ను కాదని డాక్టరమ్మ చెప్పేదాకా తెలియలేదు. ఆరేళ్ళ వయసులో, పాలపళ్ళ వరసకు వెనక, ఏ పన్నూ ఊడకుండానే చడీచప్పుడు లేకుండా వచ్చే ఆ పెద్ద పన్ను ముసలితనం దాకా ఉండాల్సినదట. రూట్ కెనాల్ కోసం వాడిని మూడుసార్లు ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. మూడుసార్లూ వాడు నా చెయ్యి వదల్లేదు. నాకు మాత్రం వాడి ముఖంలోకి చూసే ధైర్యం చాలలేదు.

చివరి రోజు డాక్టరమ్మ పక్కనే నిలబడ్డ పాప నోరు కూడా తెరిపించింది. ఆమెది వరంగల్ వైపు, యాభై దాటిన మనిషి.

"ఇగో చూడమ్మా, బిడ్డకు కొత్త దవడపళ్ళు నాలుగొచ్చినయ్. గీతలు మస్తు లోతున్నయ్. బ్రష్షు గంత లోపలికి పోదు, అన్నం మెతుకు మాత్రం పోతది. అన్న లెక్క పరేషాన్ గాకముందే సీలెంట్ పెట్టిచ్చుకో."

సీలెంట్ అంటే ఏమిటో అడిగాను. పంటి పైభాగంలో ఉండే సన్నటి లోతు గీతల్ని కప్పేస్తూ ఒక పల్చటి పూత వేసి, నీలికాంతితో గట్టిపరుస్తారట. సూది లేదు, మత్తు లేదు, డ్రిల్లు లేదు.

"ప్రార్థనలో పెట్టి చెప్తానండి" అన్నాను.

డాక్టరమ్మ నవ్వింది. "పెట్టు తల్లీ. గా పురుగును కూడ జర అప్పటిదాంక ఆగుమను."

అసలు నాకు ఆ పూత నచ్చలేదు. దేవుడు చేసిన పంటి మీద మనం ప్లాస్టిక్ లాంటిది పూయడమేమిటి? నొప్పి లేదు, పుచ్చు లేదు, జబ్బే లేని చోట వైద్యం చేయించుకుంటే, రేపు ఆయన కాపాడతాడన్న నమ్మకం మనకు లేనట్టే కదా? ఇలా ఏవేవో నాకు నేనే చెప్పుకున్నాను. అలా ఐదు నెలలు గడిచాయి.

దసరా సెలవులు అయిపోయిన ఆదివారం పొద్దున, చర్చికి తయారుచేస్తూ పాపకు పళ్ళు తోముతున్నాను. ఎందుకో ఫోన్ లైటు వేసి లోపలికి చూశాను. కింద కుడివైపు కొత్త దవడపంటి గీతలో గోధుమరంగు చార కనిపించింది. మళ్ళీ తోమాను. పోలేదు. వేలితో గట్టిగా రుద్దాను.

"అమ్మా, అది నా పన్ను. నీ గిన్నె కాదు" అంది పాప.

ఆ రోజు ఆరాధనలో అందరితోపాటు నేనూ పాడాను, కానీ ఏం పాడానో నాకే తెలియదు. కళ్ళు మూస్తే ఆ చారే. కూడిక అవగానే మా పాస్టరుగారి భార్య దగ్గరికి వెళ్ళాను. ఆమెను మేమంతా అమ్మగారంటాం. గోదావరి మనిషి, మాట సూటిగా ఉంటుంది.

"వందనాలమ్మగారూ. పాప పంటి గురించి ప్రార్థన చెయ్యాలండి" అని సంగతంతా చెప్పాను.

"డాక్టరుగారు పూత వేయించమని ఎప్పుడు చెప్పారమ్మా?"

"వేసవిలోనండి. ప్రార్థనలో పెట్టానండి."

"ఒక్కరోజన్నా మోకాళ్ళేసావా దాని గురించి?"

నేను బైబిలు సంచి జిప్పు సర్దుకున్నాను.

"అదీ సంగతి. అర్జీ రాయకుండా జవాబు కోసం కూర్చున్నావన్నమాట."

"బాగున్న పంటికి వైద్యమంటే, విశ్వాసం లేనట్టు అవుతుందేమోనని..."

"ఏవమ్మాయ్, పిల్లలకి పాఠాలు చెప్తావు గదా. ఆ జలప్రళయం ఓడకి కీలు, అదే తారు, ఎప్పుడు పూశారు? వానలు మొదలయ్యాకా?"

"ముందేనండి."

"లోపలా బయటా పూయమన్నదెవరు?"

"దేవుడేనండి."

"మరి? రేపే ఫోను చెయ్యి. ప్రార్థన నేనూ చేస్తాను. ఆటో మాత్రం నువ్వే ఎక్కాలి."

ఆ పాఠం నేను ఏటా చెప్తాను. చార్టు మీద ఓడ బొమ్మ గీసి, పిల్లలచేత నల్లరంగు వేయిస్తాను. తడి లోపలికి రాకుండా ప్రతి సందూ పూడ్చారని చేతులు తిప్పుతూ వర్ణిస్తాను. అంత చెప్పేదాన్ని, అది నాకు కూడా చెప్పిన పాఠమని ఒక్కసారీ అనుకోలేదు.

సోమవారం ఫోన్ చేస్తే గురువారం సాయంత్రానికి రమ్మన్నారు. ఆ మూడు రోజులూ పొద్దున ఏమీ తినకుండా నిజంగానే మోకరించాను. డాక్టరమ్మ మాటలు అప్పుడు వరసగా గుర్తొచ్చాయి. గీత లోపల పుచ్చు మొదలై లోతుకు దిగితే ఇక పూతతో పని కాదు. డ్రిల్లు పెట్టి తవ్వాలి, నింపాలి. అదీ దాటితే అన్న కూర్చున్న కుర్చీలో, అన్న కూర్చున్నట్టే పాప కూర్చోవాలి. ఏడేళ్ళ పిల్ల. అప్పుడు నా దగ్గర తెలియదనే సాకు కూడా ఉండదు.

గురువారం డాక్టరమ్మ పంటిని గాలితో ఆరబెట్టి, దీపం దగ్గరికి లాగి, చాలాసేపు చూసింది. చూస్తూనే అడిగింది:

"తీపి బాగ తింటవా బిడ్డా?"

"బైబిల్ వాక్యం కంఠతా చెప్తే అమ్మే చాక్లెట్ ఇస్తుంది" అంది పాప.

"ఎన్ని చెప్పినవ్?"

"అన్నీ."

డాక్టరమ్మ మాస్కు పైనుంచి నా వైపు చూసింది. సండే స్కూల్లో వాక్యానికి ఒక చాక్లెట్ ఇవ్వడం నేను పెట్టిన పద్ధతే. మా పాపే అన్నిటికన్నా ఎక్కువ గెలుచుకునేది. అది చూసి నేను మురిసిపోయేదాన్ని. ఆ తర్వాతి వారం నుంచి చాక్లెట్ల బదులు పెన్సిళ్ళు ఇస్తున్నాను. ఆ క్షణంలో మాత్రం నేల చీలితే దిగిపోదామనిపించింది.

"ఫికర్ జేయకు" అంది డాక్టరమ్మ చివరికి. "మరకనే. పుచ్చు గాదు. పన్ను గట్టిగనే ఉన్నది. ఇంకో ఆర్నెల్లు ఆగితే ఏమయ్యేదో నేను చెప్పలేను గని, ఇయ్యాల్టికైతే మంచిగనే ఉంది."

నేను గోడ పక్క కుర్చీలో కూర్చున్నాను.

ఆమె ఆ పంటిని శుభ్రం చేసి, నీలిరంగు జెల్ రాసి, కాసేపుంచి, కడిగి ఆరబెట్టింది. పన్ను సుద్దముక్కలా తెల్లగా అయింది. చుట్టూ దూది పెట్టింది. "ఇగ దీనికి ఉమ్మి తగలొద్దు బిడ్డా. తగిలితే పూత పట్టదు. నేను చెప్పెదాంక నోరు ముయ్యకు, నాలుక కదపకు."

నా మనసు నిండిపోయి ఉంది. పాప పాదాల మీద చెయ్యి వేసి ప్రార్థన మొదలుపెట్టాను. మెల్లగానే చేస్తున్నాననుకున్నాను. ఇచ్చిన గడువుకు, కాపాడిన పంటికి, డాక్టరమ్మ చేతులకు, అన్నిటికీ స్తోత్రాలు చెప్పి, యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ అని ముగించాను.

పాప దూదితో సహా నోరు మూసి, గట్టిగా "ఆమేన్" అంది.

"అయ్యయ్యో! గిదేంది తల్లీ!" డాక్టరమ్మ చేతిలో పూత గొట్టం అలాగే ఆగిపోయింది.

"అనకపోతే అమ్మ తిడుతుంది" అంది పాప దూది ఉమ్మేస్తూ.

కోప్పడుతుందనుకున్నాను. డాక్టరమ్మ భుజాలు కదిలిపోయేలా నవ్వింది. కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "మల్ల మొదటినుంచి జేద్దాం. అమ్మా, ఈసారి మనసుల జేసుకో. నీ దేవునికి ఇనవడతది."

మళ్ళీ జెల్ రాసింది, కడిగింది, ఆరబెట్టింది. నేను గదిలో ఓ మూలకు వెళ్ళి పెదవులు బిగించి నిలబడ్డాను. పూత చుక్క గీతల్లోకి జారి సర్దుకోవడం అక్కడినుంచే కనిపించింది. నీలికాంతి పెట్టింది. సహాయకురాలు ఇరవై దాకా లెక్కపెట్టింది. అలా నాలుగు పళ్ళూ పూర్తి చేసి, రంగు కాగితం కొరికించి, పూత ఎక్కడా ఎత్తుగా లేదని చూసుకుంది.

"రెండు పూటలా తోముడు మాత్రం బంద్ జేయకు. పళ్ళ సందులల్ల పుచ్చు రాకుండ ఈ పూత ఆపదు. ఆర్నెల్లకోసారి తీస్కరా, ఎక్కడన్న ఊడిందేమో చూస్త."

"తీసుకొస్తానండి" అన్నాను. ప్రార్థనలో పెడతానని అనలేదు.

ఆదివారం వాక్యోపదేశానికి ముందు మా దగ్గర సాక్ష్యాలు చెప్తారు. ఆ వారం ఒకాయనకు ఆపరేషన్ బాగా జరిగింది, ఒకమ్మాయికి ఉద్యోగం వచ్చింది, ఒక కుటుంబం తెల్లాపూర్‌లో కొత్త ఇంట్లోకి వెళ్ళింది. నేనూ లేచాను. మైకు చేతికొచ్చాక ఏం చెప్పాలో తోచలేదు. స్వస్థత పొందామనడానికి జబ్బే లేదు. నొప్పి తగ్గిందనడానికి నొప్పే రాలేదు. ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఐదు నెలలు ప్రార్థన పేరుతో బద్ధకించానని, అయినా ఆయన మా పాప పంటిని అప్పటిదాకా పాడుకానివ్వలేదని, ఇప్పుడు దానికి పూత వేయించామని చెప్పాను. పెద్దవాళ్ళు కొందరు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వెనక వరసలో ఎవరో సన్నగా నవ్వారు. ముందు వరసలోంచి అమ్మగారు "స్తోత్రం" అన్నారు.

మైకు తిరిగి ఇవ్వబోతుంటే పాప నా కొంగు లాగింది.

"అమ్మా, ఒక పన్నని చెప్పావు. నాలుగు."

మైకు మళ్ళీ నోటి దగ్గర పెట్టుకుని, "నాలుగండి" అన్నాను.