పొట్టమీది నల్లగీతలు

సూర్యాపేటలో మా వీధి ఫోటో మామ పోయాడన్న కబురు నాకు కటింగు షాపులో తెలిసింది. అప్పటికి గడ్డం సగమే గీయడం అయింది. మిగతా సగం నురుగులో ఉంది. షాపతను కత్తి ఆపి, అద్దంలో నన్ను చూస్తూ, "మీ ఇద్దరికి మాటలుండెనా, లేకుంటే గట్లనే పోయిండా?" అని అడిగాడు. ఉండెనన్నాను. మాటలుండేవి, టీలుండేవి. వాటి కింద ఒక ముల్లు కూడా ఉండేది. అది ఆయనే గుచ్చింది. చనిపోయిన మనిషి గురించి మంచే రాయాలంటారు. నేను ఉన్నది రాస్తాను. అందులో మంచి ఎక్కువే ఉంది, ముల్లూ ఉంది.

నాకు ఆయన చుట్టం కాదు. వీధంతా మామ అనేది, నేనూ అన్నాను. ఫోటో తీసే ముందు కెమెరా అద్దం మీద హా అని ఊది, ధోతి కొసతో తుడిచేవాడు. కుర్చీలో కూర్చున్న వాళ్లతో, "నవ్వకున్రి. నవ్వు ప్లేటు మీద నిలువది, పండ్లే నిలుస్తయి" అనేవాడు. ఆయన అసలు గొప్పతనం కెమెరాలో కాదు, పెన్సిల్లో ఉండేది. గాజు ప్లేటు మీద బొమ్మ తిరగబడి పడుతుంది: నలుపు తెల్లగా, తెలుపు నల్లగా. మొఖం మీద మచ్చ ఉంటే ప్లేటులో ఆ చోట ఉత్త గాజే ఉంటుంది. ఆ ఖాళీని సూదిమొనంత పెన్సిలుతో నింపితే కాగితం మీద మచ్చ మాయమైపోతుంది. సూర్యాపేట నుంచి మిర్యాలగూడ దాకా అమ్మవారు పోసి మచ్చలు మిగిలిన మొఖాలన్నీ ఆయన చేతిలో నున్నబడ్డాయి. ఆ సంగతి బయట ఎవరికీ తెలియదు. అందరూ మామ కెమెరాలో మహిమ ఉందనుకునేవారు.

ఇక నా సంగతి. నాలుగో జమాతుతో చదువు ఆగింది. నూనె దుకాణంలో గుమాస్తాను. పాత సామాన్ల అంగడిలో దొరికిన ఒక ఇంగ్లీషు పిట్టల పుస్తకాన్ని డిక్షనరీ పక్కన పెట్టుకొని చదివాను. మొదటి పేజీకి ఒక ఎండాకాలం పట్టింది. ఊళ్లో నా పేరు పిట్టల పంతులు. మర్యాదకు పెట్టిన పేరు కాదది.

నిజాం పాలన పోయిన ఏటి చలికాలం. పెన్‌పహాడ్ దిక్కు ఒక చెరువు కింద శనగచేలో తెల్లారేసరికి అడవిబాతుల మంద దిగేది. తల వెనక రెండు నల్లగీతలుండే రకం, ఏటేటా వచ్చేవే. వాటి మధ్య ఒకటి వేరుగా కనిపించింది. తల మీద గీతల్లేవు. ముక్కు మొదట్లో, నుదుటి మీద తెల్లని పట్టీ. పొట్టమీద అడ్డంగా నల్లగీతలు. పుస్తకం తిరగేశాను. తెల్లనుదురు బాతు, మన వైపు రానే రాదని రాసి ఉంది. కోదాడలో ఒక డాక్టరుగారుండేవారు. పిట్టల సంగతులు అచ్చువేసే పత్రికకు రాస్తుండేవారు. ఆయనకు చెప్పాను. "ఫోటో తీసుకురండి. నిజమైతే మీ పేరుతోనే పంపిస్తాను" అన్నారు. పిట్టల పంతులు పేరు అచ్చులో! నాకు నాలుగు రోజులు అన్నం సయించలేదు.

మామను బతిమాలి తీసుకుపోయాను. కర్ర కెమెరా, మూడుకాళ్ల స్టాండు, నల్లగుడ్డ, అన్నీ ఎడ్లబండిలో. అవి ఊరూరా పోలీసు క్యాంపులున్న రోజులు. దారిలో ఒక జవాను ఆపి, స్టాండు తట్టి చూశాడు.

"ఇదేం మిషను?"

"ఫోటో మిషను సాబ్. బాతులకు ఫోటో తీస్తం."

"బాతులకా? లగ్గం కుదిరిందా?"

"సూస్తున్నం సాబ్. పిల్ల జర దూరపుది" అన్నాడు మామ. జవాను నవ్వి వదిలేశాడు.

చొప్పకట్టల దడి వెనక కూర్చున్నాం. "తల మీద గీతలు లేనిదే మనది" అని వేలుపెట్టి చూపించాను. పొట్ట సంగతి ఎత్తలేదు. ఉన్నది ఉన్నట్టు పడుతుందనుకున్నాను. మామ నల్లగుడ్డలో దూరాడు. "వెలుతురు మన సుట్టం కాదు అల్లుడా, ఉండుమంటే ఉండది" అని గుసగుసలాడుతూ, పొద్దు చెట్లు దాటిన క్షణాన తీశాడు. చప్పుడుకు మందంతా లేచిపోయింది.

కోదాడ పోయే రోజు, అచ్చు తీసిన ఫోటో కవరులో పెట్టుకొని మామ తిన్నగా బస్సు దగ్గరికి వచ్చాడు. అక్కడే చూద్దువు లెమ్మన్నాడు. డాక్టరుగారు మమ్మల్ని కూర్చోబెట్టి, ముందు గోడమీది ఒక అమ్మాయి ఫోటో చూపించారు. మిర్యాలగూడ పిల్లట. తమ అన్నగారి అబ్బాయికి ఖాయం చేసుకున్నారట.

"మీరు తీసిందేనండీ. ఫోటో చూసే ఒప్పుకున్నాం. మనిషి మాట మారుస్తాడేమో గానీ, ఫోటో మార్చదు కదా."

మామ దగ్గాడు. డాక్టరుగారు కవరు విప్పి భూతద్దం పెట్టారు. చాలాసేపు చూశారు.

"తల మీద గీతల్లేవు, నిజమే. కానీ ఏటా వచ్చే ఆ రకం బాతు పిల్లలకి మొదటేడు గీతలు రావండీ. నుదుటి మీద తెలుపంటారా, ఎండ మెరుపు కావచ్చు. మీరు చెప్పిందే అయితే పొట్టమీద నల్లగీతలుండాలి. ఏవీ?"

నేను వంగి చూశాను. పొట్ట పెళ్లికూతురి చెంపలా నునుపుగా ఉంది.

"ఉండె సార్. నేను నా కండ్లతోని చూసిన. మామా, నువ్వన్న చెప్పు!"

మామ టీకప్పులోకి చూస్తూ, "నేను ఫోటోలు తీసేటోన్ని సారు. పిట్టల సంగతి నాకేం ఎర్క" అన్నాడు.

డాక్టరుగారు నా భుజం తట్టారు. "పుస్తకాలు చదివి చదివి కళ్లకి అలా అనిపిస్తుంటుంది లెండి." తిట్టినా బాగుండేది.

బస్సు ఊరు దాటాక మామే నోరు విప్పాడు.

"గా గీతలు నేనే నింపిన అల్లుడా. ప్లేటు గీసుకపోయిందనుకున్న. చెయ్యి అలవాటు."

"మరి డాక్టరు ముందట ఎందుకు చెప్పలే?"

"పెన్సిలు పేరెత్తితే గోడమీది పిల్ల ఏమైతది? లగ్గం ఖతం. పోయింది నీ మాట ఒక్కటేనాయె."

"నన్నొక్క మాట అడిగినవా?"

"అడిగితే నువ్వు వద్దంటుంటివి."

పెన్సిలు టర్పెంటైను గుడ్డతో తుడిస్తే పోతుందట. లగ్గం కానిమ్మని, తర్వాత తుడిచి మళ్లీ అచ్చు తీసిస్తానని చెప్పాడు. లగ్గం అయింది. పిల్ల మచ్చలు చూసి ఆ ఇంట్లో ఎవరూ పల్లెత్తు మాట అనలేదని తర్వాత విన్నాను. నేను ప్లేటు కోసం వెళ్లేసరికి, మామ పాత ప్లేట్లన్నీ సోడా కలిపిన వేడినీళ్లలో కడిగి ఫ్రేములకు అద్దాలు చేశాడు. "ఏది ఏందో సూడలే అల్లుడా" అన్నాడు. చూడలేదో, చూసే కడిగాడో.

కొన్నాళ్లు ఆ వీధి మానేసి చుట్టూ తిరిగి పోయాను. మా అమ్మకు జబ్బు చేసినప్పుడు పిలవకుండానే కెమెరా మోసుకొచ్చాడు. ఇవాళ మా ఇంట్లో ఉన్న అమ్మ ఫోటో అదొక్కటే. ప్రతి ముడతా ఉంది. "దిద్దలే. దిద్దితే నువ్వు కొడ్తవని భయం" అన్నాడు. ఆ ఒక్క ఫోటోకు ఆయనకు రుణపడి ఉన్నాను. బాతు సంగతి మాత్రం మాఫీ చేయలేదు, ఆయన కూడా చేయమనలేదు.

ఈ మధ్యనే బస్టాండు హోటల్లో చివరిసారి కలిశాం. వయసు మీద పడ్డాక నాకొక పాడు అనుమానం పట్టుకుంది: ఆ డాక్టరుగారే నిజమేమో, నా కళ్లే పుస్తకంలోవి తెచ్చి ఆ బాతుకు అంటించాయేమో. అదే అడిగాను. "మామా, నిజం చెప్పు. గీతలుండెనా?"

"పిచ్చోడా, నువ్వు దడి ఎనకనుంచి సూసినవ్. నేను భూతద్దం పెట్టి ఒక్కొక్కదాన్ని నింపిన" అంటూ సాసరులోని టీలో వేలు ముంచి, బల్లమీద బాతు పొట్ట గీశాడు. "ఇది రెక్క కింద, సన్నగ. ఇది నడుమ తెగింది. గిది జర వంకర." నేను కళ్లజోడు సవరించుకొని చూస్తున్నాను. పైన ఫ్యాను తిరుగుతోంది. ఆయన బాతు కాళ్ల దగ్గరి గీతకు వచ్చేసరికి రెక్క కింది గీత ఆరిపోయింది. మామ అది చూశాడు. వేలు మళ్లీ సాసరులో ముంచి, బల్ల మీదికి వంగి, మొదటి గీత నుంచి మళ్లీ గీయడం మొదలుపెట్టాడు.